వెనక గది

వార్డెను గది, బాలికల హాస్టలు
జూన్ మొదట్లో

పిచ్చుకా,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది కానీ ఆ కిటికీ మూతపడదు. చెవిలో దూరిన గాలి ఇప్పటికీ హోరుమంటోంది. నేను లేని కాస్త వ్యవధిలో పిల్లలు స్నానాల గది కుళాయి విరగ్గొట్టారు. ఎవరు విరగ్గొట్టారో ఒక్కరూ నోరు విప్పరు. వరసగా నిలబెట్టి మొహాలు చూశాను. అందరూ అమాయకులే.

అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టినప్పటి నుంచీ ఒక మాట గొంతులో ఉండిపోయింది. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. వెనక గదికి నువ్వు అంత ధర చెబుతావని నేను కలలో కూడా అనుకోలేదు. నువ్వా అంకె చెప్పగానే తల ఊపేశాను. మీ అన్నయ్య పోయాక నేను ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని నీకు తెలుసు. చాచకుండానే ఇచ్చావు. అదీ సాయమని కనపడకుండా, బేరంలో కలిపి ఇచ్చావు. ఈ సంగతి మళ్ళీ ఎత్తను. నువ్వూ ఎత్తకు.

వచ్చే ఏడాది ఈ హాస్టలు వాళ్ళు నాకు దండ వేసి పంపించేస్తారు. అప్పుడు వచ్చి, మీ అన్నయ్య బాగుచేసి పెట్టిన కుట్టు మిషన్లన్నీ వరసగా వేసి, ఆడపిల్లలకి కుట్టు నేర్పుతాను. మిగిలిన ఇల్లు నాకు చాలు. పక్కనే మీరుంటారు. ఇంతకంటే ఏం కావాలి?

మీ ఆయన్ని అడిగానని చెప్పు. గదికి కొత్త తాళం బజార్లో కొనవద్దు, తన చేతిదే వెయ్యమను.

మీ వదిన


సందులో ఇల్లు
జూన్ చివర

వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం తాళంచెవులు అరగదీసే ఆకురాయి తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఇలాంటివి వింటే మగవాళ్ళకి ఏం చెయ్యాలో తెలియదు.

సాయం చేసింది నేనా? అంతా తలకిందులుగా రాశావు! అలాంటి గదిని అంత తక్కువకి ఇచ్చే మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు ఉన్నారా? నేను అంకె చెప్పి నాలుక కరుచుకున్నాను, వదిన నవ్వుతుందేమో, కోప్పడుతుందేమో అని. నువ్వు బేరమాడకుండా తల ఊపావు. ఇప్పుడు నీ మంచితనాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పెడుతున్నావు. సరే, ఎత్తవద్దన్నావుగా, ఎత్తను.

పాత లాడ్జి కూల్చేస్తున్నారు వదినా. ఆ మెట్ల కింద చోటు పోతే ఆయనకి బల్ల వేసుకునే జాగా లేదు. నువ్వు గది ఇవ్వకపోతే ఈ వర్షాకాలం రోడ్డు మీద గొడుగు పట్టుకుని తాళంచెవులు చేసేవారు. అందుకే రిజిస్ట్రేషను దాకా ఆగకుండా పని మొదలుపెట్టాం. పెద్దవీధి తలుపు తీశాం! రోడ్డు ఎత్తు పెంచాక వాననీళ్ళు లోపలికొస్తున్నాయని అన్నయ్య మూసేసిన తలుపు. గడియ తుప్పు పట్టి అసలు కదల్లేదు. ఆయన నూనె పోసి, బతిమాలి, చివరికి సుత్తితో ఒకటిచ్చారు. తెరుచుకోగానే వీధంతా గదిలోకి వచ్చేసింది. వెలుతురు, దుమ్ము, హారన్లు. మేస్త్రీ కొలతలు తీసుకున్నాడు. తలుపు పీకేసి షట్టరు పెడతాడట. మిషన్లన్నీ హాల్లోకి జరిపించాను. తడి తగలకుండా కింద నా పాత చీరలు పరిచాను, బెంగపెట్టుకోకు.

నీ పిచ్చుక


వార్డెను గది
జూలై

పిచ్చుకా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నేనే తప్పు చదువుతున్నానేమోనని వంటావిడ చేత కూడా చదివించాను.

పెద్దవీధి తలుపు ఎందుకు తీశారు? షట్టరు దేనికి? నేను మీకిచ్చింది వెనక గది. సందు వైపు గది. పెద్దవీధి గది మన ముందు గది. మీ అన్నయ్య ఆ ఇల్లు కొన్నాక నేను కాలు పెట్టింది ఆ గుమ్మంలోంచే. కుట్టు నేర్పుతానని రాసింది ఆ గదిలోనే. దాన్ని అమ్ముతానని నేను ఎవరితో అన్నాను?

పని ఆపించు. మిషన్లు ఎక్కడివక్కడ పెట్టించు. ఏం జరిగిందో వెంటనే రాయి.

వదిన


సందులో ఇల్లు
జూలై

వదినకి,

పని ఆపించాను. మేస్త్రీ సగం పగలగొట్టిన మెట్టు అలాగే ఉంది, వానలో నానుతోంది.

నువ్వడిగినదానికి జవాబు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. వెనక గది అంటే వెనక గదే కదా వదినా! ఆ ఇంట్లోకి అందరం సందులోంచే వస్తాం. సందు తలుపు తీస్తే నడవ. నడవ పక్కన సందు గది, తర్వాత హాలు, హాలు దాటితే వెనక గది. నేను ఈ సందులోకి కాపురం వచ్చిన దగ్గర్నుంచీ చూసిన ఇల్లు అది. ఆ మురుగు కాలవ పక్కన గదిలో తాళాల కొట్టు ఎవరు పెడతారు? మనుషులే నడవని సందులో ఎవరికి తాళంచెవులు కావాలి? మా ఆయన పనేమిటో నీకు తెలియదా?

ఇంకో మాట. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. పక్కింటి మందుల షాపాయన నువ్వు వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నీతో చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన షాపు పెంచుతాడని వీధంతా అనుకుంటున్నారు. ఆయన ఏమైనా ఎక్కువ ఇస్తానన్నాడా? అలాగైతే నాతో నేరుగా చెప్పు. గదుల పేర్లు మార్చక్కర్లేదు.

దస్తావేజులు రాసేవాడు అడిగాడు కూడా: ‘ఏ గదమ్మా?’ అని. నువ్వే కదా చెప్పావు?

పిచ్చుక


వార్డెను గది
ఆగస్టు

పిచ్చుకకి,

ఇక నుంచి నేను రాసే ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకుంటున్నాను. నువ్వూ ఉంచుకో.

మందుల షాపాయన నా మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడాడు. ఒక ట్యూబు ఇచ్చాడు. అది ఇక్కడ నా బల్ల మీదే ఉంది, పనిచెయ్యలేదు.

ఏ గది అని దస్తావేజులు రాసేవాడు అడిగిన మాట నిజం. జవాబు చెప్పింది నేను కాదు. మీ ఆయన. ‘వెనక గదేనండీ, అందరికీ తెలిసిందే’ అన్నాడు. నువ్వు అప్పుడు పర్సులో పెన్ను వెతుక్కుంటున్నావు. నేను నీ వైపు చూసి నవ్వాను. ఎందుకు నవ్వానో మొదటి ఉత్తరంలో రాశాను. ఆ ఉత్తరం తలచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. మురుగు కాలవ గదికి ఎక్కువ ధర ఇస్తున్నావని పొంగిపోయాను. నువ్వు ఇచ్చింది ఎక్కువ కాదు, చాలా తక్కువ. దేనికి తక్కువో నీకు ముందే తెలుసా అన్నది నా ప్రశ్న.

ఇక్కడ ఒక లాయరమ్మ ఉంది. ఆవిడ చెల్లెలి కూతురు మా హాస్టల్లో ఉంటుంది. అగ్రిమెంటు నకలు చూపించాను. ‘ముందు ఇది చెప్పండి. మీరిద్దరూ దేని గురించి ఒప్పుకున్నారు?’ అంది. ‘వెనక గది గురించి’ అన్నాను. ‘కాదు. ఆ మాట గురించి ఒప్పుకున్నారు. గది గురించి ఒప్పుకోలేదు’ అంది.

ఇద్దరూ ఒకే వస్తువుని మనసులో పెట్టుకుని సరే అంటేనే ఒప్పందమట. చెరొకటి మనసులో పెట్టుకుని ఒకే మాట అంటే ఒప్పందం అసలు పుట్టనే లేదట. ఎవరిచ్చింది వాళ్ళకి తిరిగిచ్చేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోవాలట. ఊరికే బేరం బాగుందనుకుని మోసపోతే మాత్రం కోర్టు జాలిపడదట. ఆవిడ ఇంకొకటి కూడా చెప్పింది. అవతలివాళ్ళు పొరబడుతున్నారని తెలిసి, నోరు మూసుకుని సంతకం పెట్టించుకుంటే అది పొరపాటు కింద రాదట. ‘దానికి వేరే పేరుంది’ అంది. ఆ పేరు నేను ఇక్కడ రాయను.

వదిన


సందులో ఇల్లు
ఆగస్టు

వదినగారికి,

మీరు లాయరు దగ్గరికి వెళ్ళారు కాబట్టి మేమూ వెళ్ళాం. మా ఆయన బీరువా తాళాలు బాగుచేసే ఆఫీసులో ఒక ప్లీడరున్నారు. ఒకవైపు వాళ్ళు తమంతట తాము పొరబడితే ఆ పొరపాటు వాళ్ళదేనని, కాగితం మీద ఉన్న మాటే నిలుస్తుందని ఆయన చెప్పారు. ఇంటి నంబరు రేకు సందు తలుపు మీదే కొట్టి ఉంది. పోస్టు కూడా సందులోకే వస్తుంది. కాబట్టి ఇంటికి ముందు ఏదో, వెనక ఏదో లోకమంతా చెబుతుంది. మీరొక్కరు తప్ప.

నాకు ముందే తెలుసా అని అడిగారు. ఆ ప్రశ్న మీ చేత్తో రాశారా, లాయరమ్మ చెబితే రాశారా? మీరు మా ఊరి ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. మీరే వేసేవారు. దువ్వెన చిక్కుకుంటే నేను ఏడుస్తానని నూనె రాసి, ఒక్కొక్క పాయా విడదీసి. ఆ చేతులే ఈ మాట రాశాయంటే నమ్మలేకపోతున్నాను.

అందరూ అమాయకులే అని మీ పిల్లల గురించి రాశారు. వార్డెను పనిలో ఉండి ఉండి మీకు ప్రతి మొహమూ అలాగే కనపడుతున్నట్టుంది.

మా ఆయనకి ఈ ప్లీడర్ల గొడవ ఇష్టం లేదు. ‘వదిలెయ్. అక్కయ్యకి గది ఇచ్చేసి అడ్వాన్సు తీసుకుందాం. వేరే చోటు చూసుకుందాం’ అంటున్నారు. లాడ్జి మెట్లు నిన్న పడగొట్టేశారు. ఆయన పెట్టె మా వాకిట్లో ఉంది. అయినా అలా అంటున్నారు. అలాంటి మనిషి వైపు మీరు వేలు చూపించారు.

ఇట్లు
మీ ఆడపడుచు


వార్డెను గది
సెప్టెంబరు

ఆడపడుచు గారికి,

‘మీరు’ అన్నావు కాబట్టి నేనూ అనాలి. అలవాటు లేని మాట, కలం మొరాయిస్తోంది. ఈ ఒక్క ఉత్తరానికి వదిలెయ్.

నీ ఉత్తరంలో సగం మాటలు నీవి కావు. ప్లీడరువి. జడ సంగతి మాత్రం నీదే. దాని మీద నేనేమీ రాయను.

మీ ఆయన వదిలెయ్యమంటున్నాడని రాశావు. నాకు అర్థం కావడం లేదు. నిలబడే చోటు పోయింది, పెట్టె వాకిట్లో పడింది, చేతిలో అగ్రిమెంటు ఉంది, ప్లీడరు గెలుస్తారని చెబుతున్నాడు. అయినా వద్దంటున్నాడు. అది మంచితనమైతే సంతోషమే. నువ్వు ఆలోచించుకో అని మాత్రం అంటాను. ఇంతకంటే రాస్తే మళ్ళీ వార్డెను బుద్ధి అంటావు.

లాయరమ్మ ఒక దారి చెప్పింది. కోర్టుకి వెళ్ళేముందు ఆవిడే వచ్చి ఇల్లు చూస్తుందట. నేనూ వస్తాను. మీ ప్లీడరు కావాలంటే ఆయన్నీ పిలవండి. మనం ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ఆవిడ షరతు. ఈ మధ్య మనం మాట్లాడుకుంటున్నదీ లేదు కాబట్టి అది కష్టం కాదు.

వదిన


వార్డెను గది
అక్టోబరు మొదట్లో

పిచ్చుకా,

మాట్లాడకూడదన్న షరతు తీరిపోయినా, బస్సు ఎక్కేముందు నీతో ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. చూశాను. చూడనట్టు వచ్చేశాను. కోపంతో కాదు.

లాయరమ్మ మీ ప్లీడరుతో మాట్లాడింది. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. మనిద్దరం చెరొక గది అనుకున్నాం. ఇద్దరిదీ పొరపాటే. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. అగ్రిమెంటు చెల్లదని కాగితం రాసి పంపుతారు, సంతకం పెట్టు. అడ్వాన్సు తిరిగి పంపిస్తున్నాను. మెట్టు బాగుచేయించే ఖర్చు నాది.

ఆవిడ నన్ను ముందు లోపలికి పిలిచింది. నువ్వూ మీ ఆయనా ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు. హాల్లో మిషన్ల మధ్య కుర్చీ వేసుకుని ఆవిడ, ‘వెనక గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, పిలిచేదాకా నిలబడండి’ అంది. అంతే. నేను సందు గదిలోకి వెళ్ళాను. తర్వాత నిన్ను పిలిచింది. నీ అడుగులు ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా నాకు దూరంగా వెళ్ళిపోవడం విన్నాను. పెద్దవీధి గది తలుపు పడిన చప్పుడు వినగానే నాకు అర్థమైంది, పిచ్చుకా. నువ్వు అబద్ధం చెప్పలేదు. ఇన్ని నెలలుగా నిన్ను ఏమేమి అనుకున్నానో అవన్నీ ఆ గదిలో నా ఎదురుగా వచ్చి నిలబడ్డాయి.

ఇక దీన్ని ఇక్కడితో వదిలేద్దాం. ఎవరినీ ఏమీ అడగొద్దు.

వదిన


సందులో ఇల్లు
అక్టోబరు

వదినా,

కాగితం వచ్చింది. సంతకం ఇంకా పెట్టలేదు.

నిన్ను నమ్ముతున్నాను. నేను తలుపు వేసుకుని నిలబడ్డప్పుడు, నువ్వు నా గదిలో లేవని చూసి నాకూ అలాగే అర్థమైంది. వదిన నిజంగానే ఇంకో గది అనుకుంది, మందుల షాపూ లేదు ఏమీ లేదు అని. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ మాట నీతో చెప్పాలని గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు చూసీ చూడనట్టు వెళ్ళిపోయావు. ఎందుకో అర్థం కాలేదు.

ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ‘ఎవరినీ ఏమీ అడగొద్దు’ అని రాశావు. ఎవరిని?

నా తర్వాత ఆయన్ని పిలిచారు. నేను చెక్క తలుపుకి ఆనుకునే ఉన్నాను. పెద్దవీధి రొదలో హాల్లో మాటలు వినపడలేదు. కానీ ఆయన వెనక గదిలోకి వెళితే నా దగ్గరికే రావాలి. రాలేదు. ఇంటికొచ్చాక అడిగాను, ‘మీరెక్కడ నిలబడ్డారు?’ అని. ‘నీ గది వైపే వస్తున్నా, ఆవిడ చాలు చాలు అని పంపేసింది’ అన్నారు. అది చెబుతున్నప్పుడు చేతిలో తాళంకప్పని తిప్పుతూనే ఉన్నారు, నా వైపు చూడలేదు. ఆవిడ నిన్నూ నన్నూ పిలిచేదాకా నిలబెట్టి, ఆయన్ని మాత్రం మధ్యలో ఎందుకు పంపేస్తుంది?

నీ గదిలోకి వచ్చారా? వస్తే, నువ్వు ఏ గది అనుకుంటున్నావో ఆయనకి సంతకాలకి ముందే తెలుసన్నమాట. రాకపోతే, ఎక్కడున్నారు?

దాచకు. నాకు జాలి చూపించవద్దు. నువ్వు చెప్పేదాకా సంతకం పెట్టను.

పిచ్చుక


వార్డెను గది
నవంబరు

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాసి చింపేశాను, మళ్ళీ రాసి చింపేశాను. రాయకుండా ఉంటే నువ్వు ఇంతకంటే చెడ్డదే ఊహించుకుంటావని చివరికి రాస్తున్నాను.

మీ ఆయన నా గదిలోకి రాలేదు. నీ గదిలోకీ రాలేదు. హాల్లోనే ఉన్నాడు.

సందు గది తలుపుకి చీలిక ఉంది, మాట స్పష్టంగా వినపడుతుంది. లాయరమ్మ మనకి చెప్పినట్టే చెప్పింది, ‘వెనక గదిలోకి వెళ్ళి నిలబడండి’ అని. అతను వెంటనే అడిగాడు:

‘ఎవరి వెనక గది మేడమ్? అక్కయ్యదా, మా ఆవిడదా? సంతకాల నాటి నుంచే వాళ్ళవి వేరువేరు కదా?’

అన్న మాటేమిటో అప్పుడు అతనికి అర్థమైనట్టుంది. ‘అంటే... నా ఉద్దేశం...’ అని ఆగిపోయాడు. ఆవిడ ‘మీరు బయట కూర్చోండి’ అంది, మామూలుగానే.

ఇది విని నాకు ఆశ్చర్యం కలిగిందని చెప్పలేను. మీ పెళ్ళికి ముందు అతను మీ అన్నయ్యకి స్నేహితుడు. పెద్దవీధి తలుపుకి తాళం వేసింది అతనే. ఆ ఇంట్లో మేము ముందు గది, వెనక గది అని పిలుచుకోవడం ఎన్నిసార్లు వినుంటాడో. నీ నోట తర్వాత వేరేగా విన్నాడు. రెండూ తెలిసిన మనిషి మన ముగ్గురిలో అతనొక్కడే. దస్తావేజులు రాసేవాడికి జవాబు చెప్పిందీ అతనే.

ఈ మాట కాగితంలో రాయవద్దని లాయరమ్మని నేనే అడిగాను. ‘రాసినా రాయకపోయినా ఆ అగ్రిమెంటు గతి ఒకటే. రాస్తే వాళ్ళింట్లో గతి వేరు’ అంది. అందుకే నీ మొహం చూడకుండా బస్సెక్కాను. చూస్తే చెప్పేసేదాన్ని.

వదిన


సందులో ఇల్లు
నవంబరు చివర

వదినా,

సంతకం పెట్టాను. ఈ కవరులోనే ఉంది.

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. చదివారు. చాలాసేపు చదివారు, అంత పెద్ద ఉత్తరం కాకపోయినా. ‘తెలుసు కదా మీకు?’ అన్నాను. ‘తెలుసు’ అన్నారు. కోప్పడతారనుకున్నాను, బుకాయిస్తారనుకున్నాను. ఏదీ లేదు.

‘మరి ఎందుకు చెప్పలేదు?’

‘నీకూ తెలుసనుకున్నా.’

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

‘నీకు తెలిసే చేస్తున్నావనుకున్నా. అక్కయ్య సందు గది అనుకుంటోందని నువ్వు కనిపెట్టి, ఏమీ ఎరగనట్టు అంకె చెప్పావనుకున్నా. మనకి కొట్టు కావాలని నువ్వు పడే ఆరాటం చూస్తూనే ఉన్నాగా. నా కోసం ఇంత పనికి దిగావు, ఇప్పుడు నేను నోరు తెరిస్తే నిన్ను నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది అనుకున్నా. అక్కయ్య మొదటి ఉత్తరం నువ్వు చదివి ఏడుస్తుంటే, అదీ నటనే అనుకుని చూడలేక బయటికి వెళ్ళిపోయా.’

‘నేను అలాంటి దాన్నని అనుకున్నారా?’ అన్నాను.

‘కాదని లాయరమ్మ వచ్చిన రోజే తెలిసింది. నువ్వు తడుముకోకుండా పెద్దవీధి గదిలోకి వెళ్ళావని’ అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం తేలికపడింది వదినా. నెలల తర్వాత ఆ మొహంలో నవ్వులాంటిది చూశాను.

ఇది నిజమైతే, పక్కన పడుకునే మనిషి ఇన్నాళ్ళూ నన్నొక మోసగత్తెననుకుని, అయినా ఏమీ అనకుండా నాతో కాపురం చేశాడు. నా వంట తిన్నాడు, నా మాటలకి నవ్వాడు. అబద్ధమైతే, తన తప్పుని తీసుకొచ్చి ప్రేమ పేరు పెట్టి నాకే ఇచ్చాడు. ఆయన చెప్పింది ప్రతిదానికీ సరిపోతోంది. ఆకురాయి తీసుకుని వెళ్ళిపోవడానికీ, వదిలెయ్యమని పోరడానికీ, అన్నిటికీ. తాళం చూసి కోసిన చెవిలా ఎక్కడా పట్టెయ్యకుండా తిరుగుతోంది. అందుకే నమ్మలేకపోతున్నాను. ఆయనకి అలాంటివి చెయ్యడం వచ్చు కదా.

నేను అడగాల్సినవన్నీ అడిగేశాను. ఇంక ఏం అడిగితే తెలుస్తుంది? నువ్వు ఎంతమంది మొహాలు చూశావో. నీకేమైనా తెలిస్తే రాయి.

పిచ్చుక


వార్డెను గది
డిసెంబరు

పిచ్చుకా,

మొహాలు చూసి కనిపెట్టే విద్య నాకు లేదు. ఉంటే మొట్టమొదట నీ మొహం చూసినప్పుడే పనికొచ్చేది. మీ ఆయన నిజం చెప్పాడో లేదో నాకు తెలియదు. లాయరమ్మని అడిగాను. ఆవిడా తెలియదనే అంది. పైగా, ‘అది కోర్టులు కూడా మనుషుల నడత చూసి ఊహించుకునేదే’ అంది.

ఒకటి మాత్రం చెప్పగలను. మీ ఆయన చెప్పింది అబద్ధమైతే తప్పు అతనొక్కడిది. నిజమైతే, అతనూ నేనూ ఒకే పని చేశాం. నిన్ను పెంచినంత దగ్గరగా చూసిన దాన్ని, నేనూ నీ గురించి అదే అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానంటే, నీ ఉత్తరం పూర్తిగా చదవకముందే. అతను అనుకుని నోరు మూసుకున్నాడు. నేను అనుకుని లాయరు దగ్గరికి వెళ్ళాను. నన్ను క్షమించి అతన్ని తప్పుపట్టడం నీకు న్యాయంగా తోస్తే అలాగే చెయ్యి. నాకు మాత్రం అలా తోచడం లేదు.

ఇప్పుడు గది సంగతి. మనం ముగ్గురం ఒకరి మాట ఒకరు నమ్మే స్థితిలో లేం. ఇలాంటప్పుడు కొత్త కాగితాలు రాసుకోకూడదో, ఇలాంటప్పుడే రాసుకోవాలో నాకు అర్థం కావడం లేదు. అందుకని అమ్మడం మానేశాను. నేను అక్కడికి వచ్చేదాకా పెద్దవీధి గది ఖాళీగానే ఉంటుంది. షట్టరు పెట్టించవద్దు, తలుపు తీసుకుంటే చాలు. గుమ్మం పక్కన మీ ఆయన బల్ల పడుతుంది, వానకి తడవదు. అద్దె ఎంతో నువ్వే రాయి. నువ్వు రాసిన అంకెలో నాకేమైనా అనుమానం వస్తే, ఈసారి మనసులో పెట్టుకోకుండా నిన్నే అడుగుతాను.

పెద్దవీధి తలుపు తాళంచెవి ఇందులో పెడుతున్నాను. నా దగ్గర ఇంకొకటి లేదు. అతను కావాలనుకుంటే చెవి లేకుండానే ఆ తలుపు తీయగలడని నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా ఇది నీ పేరునే పంపుతున్నాను. అతని చేతికి ఎప్పుడిస్తావో, అసలు ఇస్తావో ఇవ్వవో, అది నీ ఇష్టం. నేను అడగను.

వదిన